రెండో డిస్క్‌లో తీజ్ పాటలు

సూర్యాపేట మార్కెట్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన ఒక చిన్న గది ఉంది. అక్కడ కూర్చుని చాందీ పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. రోజంతా ఎవరెవరివో తలంబ్రాలు, అప్పగింతలు ఆమె కళ్ళ ముందు ముందుకీ వెనక్కీ కదులుతుంటాయి. సాయంత్రం తలుపు వేసి మెట్లు దిగుతున్నా సన్నాయి చెవిలో మోగుతూనే ఉంటుంది.

ఆమెది చిలుకూరు దగ్గర లంబాడీ తండా. ఒకప్పుడు తీజ్ పండుగకు యాడి, అంటే తల్లి శాంతాబాయి, పాట ఎత్తుకుంటే, గోధుమ మొలకల బుట్టలకు నీళ్ళు పోసే ఆడపిల్లలంతా ఆ గొంతు వెంటే నడిచేవారు. మెడ దగ్గర గడ్డకు ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు పోయింది. ఇప్పుడు ఎంత గట్టిగా మాట్లాడినా గుసగుసే. పాటలన్నీ గుర్తున్నాయి, పిల్లలకు వినిపించే దారే లేదు.

ఈసారి శ్రావణం దగ్గరపడుతుంటే, తీజ్‌కు డీజే పాటలు పెట్టుకుందామన్నారు తండా పిల్లలు. శాంతాబాయి గుమ్మంలో కూర్చుని, బుట్టల కోసం తెచ్చిన, ఇంకా తడవని మట్టి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చాందీ వెంట సూర్యాపేట దాకా వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు జైరాం. కోదాడలో ఆయన స్టూడియోలోనే చాందీ పని నేర్చుకుంది. చాలా ఏళ్ళ కిందట ఆయన తండాకు వచ్చి తీజ్ మొత్తం వీడియో తీశాడు. ఇప్పుడు స్టూడియో మూసేసి మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నాడు. చాందీ బస్సెక్కి వెళ్ళింది. ఆయన అటక మీది డబ్బా దింపించి, పాత హార్డ్ డిస్క్ ఒకటి తీసి తువ్వాలతో తుడిచాడు.

"మెషీన్ ఎప్పుడో ఖరాబైంది బిడ్డా. దాంట్లది గిదొక్కటే దాసిపెట్టిన. మీ యాడి పాటలు గిండ్లనే ఉండాలె."

తిరుగు బస్సులో ముసురు పట్టింది. కిటికీలోంచి మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన. తువ్వాలలో చుట్టిన డిస్క్‌ను ఒళ్ళో పెట్టుకుని చాందీ కునికింది. పొలాలన్నీ మొలకల బుట్టల్లా, వాటి మీద ఎవరో చెంబుతో నీళ్ళు చిలకరిస్తున్నట్టు అనిపించింది. మెలకువ వచ్చేసరికి సూర్యాపేట బస్టాండు.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ మూత విప్పి, ఆ డిస్క్‌ను తన డిస్క్ పక్కన బిగించింది. బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. మూలన ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది, అంతే. పాత డిస్క్ తీసేస్తే కంప్యూటర్ మామూలుగా లేచింది. పెడితే మళ్ళీ ఆ గీతే. కేబుల్ మార్చింది, కరెంటు వైరు మార్చింది. గీత కదల్లేదు.

డిస్క్ చచ్చిపోయిందేమోనని భయమేసింది. వంగి చెవి ఆనించింది. లోపల సన్నగా, ఎడతెగకుండా గిర్రుమని తిరుగుతోంది. బయట వాన, లోపల ఆ చప్పుడు. రెండూ కలిసి ఎక్కడో దూరంగా ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నట్టు వినిపించాయి.

తర్వాత జైరాంకు ఫోన్ చేసింది.

"కాకా, డిస్క్ తిరుగుతున్నది. కానీ అది పెడితే కంప్యూటరే లేస్తలేదు."

"పరేషాన్ గాకు. తిరుగుతున్నదంటే పానం ఉన్నట్టే. నా మెషీన్ గా డిస్క్ నుంచే లేస్తుండె బిడ్డా. దాన్ని లేపే పాత విండోస్ గా డిస్క్‌ల అట్లనే ఉన్నది."

చాందీ తెర మీది గీత వైపు చూసింది. "అంటే ఇప్పుడు నా కంప్యూటర్ కూడా దాంట్లకెల్లే లేవాలని సూస్తున్నదా?"

"గంతే అయి ఉంటది. ముందుగాల ఏ డిస్క్ కాడికి పోవాల్నో దానికి నువ్వే చెప్పాలె."

మళ్ళీ బటన్ నొక్కి, వెంటనే డిలీట్ కీ పట్టుకుంది. సెట్టింగుల నీలం తెర వచ్చింది. కంప్యూటర్ లేవడానికి వెతికే డిస్కుల వరుసలో పాతదే పైన ఉంది. దాన్ని కిందికి దించి, తన డిస్క్‌ను మొదట పెట్టి సేవ్ చేసింది. ఈసారి కంప్యూటర్ లేచింది. పాత డిస్క్ పక్కన బుద్ధిగా కనిపించింది.

ఫోల్డర్లు వెతుక్కుంటూ పోతే తీజ్ దొరికింది. రంగులు కాస్త వెలిసిన వీడియోలో, అద్దాల రవిక తొడుక్కున్న యాడి తల వెనక్కి వాల్చి పాట ఎత్తుకుంది. ఎరువుల దుకాణం పైన ఆ గదంతా ఆ గొంతుతో నిండిపోయింది. కిందినుంచి హమాలీ ఒకతను తలెత్తి చూశాడు. చాందీ అన్నిటికంటే ముందు వీడియోను తన డిస్క్‌లోకి కాపీ చేసుకుంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆదివారం పొద్దున తండాలో స్పీకర్ పెట్టి పాట వినిపించింది. శాంతాబాయి మొదట ఎవరిదో పాట విన్నట్టు విన్నది. తర్వాత ఆమె పెదాలు కదలసాగాయి. పిల్లలు నవ్వుతూ, తడబడుతూ గొంతు కలిపారు. రెండో చరణం దగ్గర శాంతాబాయి చెయ్యెత్తి ఆపింది.

"గాడ కాదు," అంది గుసగుసగా. పిల్లలు వినడానికి దగ్గరికి జరిగారు. "జర ఊపిరి పీల్సుకొని ఎత్తుకోవాలె. ఇగ మళ్ళ పాడుండ్రి."

చాందీ పాటను వెనక్కి తిప్పింది.