పిడికిట్లో తాళంచెవి

నాకు రైల్లో మూర్ఛ వస్తే చాలు, బోగీలో ఉన్న ఆడవాళ్ళందరూ డాక్టర్లైపోతారు. ఒకామె ఉల్లిపాయ అంటుంది, ఇంకొకామె చెప్పు వాసన చూపించమంటుంది, మిగతావాళ్ళు ఇనుము ఇనుము అని కేకలు పెడతారు. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ పారిపోతుందని మావైపు గట్టి నమ్మకం. అది దాని పాటికది వచ్చి, దాని పాటికది పోతుంది. పేరు మాత్రం ఇనుముకు.

రోజూ మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరులో ఒక ఆఫీసులో పనిచేసి, సాయంత్రం తిరిగొస్తాను. మాత్రలు వేసుకుంటాను కాబట్టి ఎప్పుడో గానీ రాదు. ఆ శనివారం తిరిగొచ్చేటప్పుడు, బంగారుపేట దాటాక వచ్చింది. కళ్ళు తెరిచేసరికి నా ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు. "ఎవరిదమ్మా ఇది? కొత్తవి కొనుక్కో" అందామనుకున్నాను గానీ నాలుక తిరగలేదు.

నా కుడి పిడికిలి ఇంకా మూసే ఉందని నేను గమనించలేదు. మారికుప్పం స్టేషన్ బయట కాచుకుని ఉన్న అమ్మ గమనించింది. వేళ్ళు విప్పి చూస్తే లోపల ఎవరిదో తాళంచెవి! ఎండకు కళ్ళు తిరిగాయనో, నిద్ర పట్టేసిందనో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. ఊళ్ళోవాళ్ళ తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని ఏమని ఆడను?

"రైల్లోనే వచ్చిందా? ఇంగ చాలు. సోమవారం నుంచి రైలూ వద్దు, ఉద్యోగమూ వద్దు. నలుగురూ చూసినారు" అంది అమ్మ.

"నలుగురు కాదు, బోగీ నిండా చూసినారు."

"నవ్వద్దు. నిన్ను ఎవరు చేసుకుంటారు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పెళ్ళికొడుకు ఎక్కడున్నాడో తెలియదు, చేతిలో ఉన్న ఉద్యోగాన్ని అతనికోసం మానుకోవాలట.

తాళంచెవికి పూలు కట్టే అరటినార ఉండటం చూడగానే అది ఎవరిదో తెలిసిపోయింది. మా బోగీలో మల్లెపూలమ్మి, మారికుప్పానికి ముందే ఊరుగాంలో దిగిపోయే ఆమెది. ఒకసారి పూలకోసం వాళ్ళింటికి వెళ్ళాను కూడా. ఇచ్చి వస్తానన్నాను. అమ్మ తానూ వస్తానంది. వద్దు, ఒక్కదాన్నే వెళ్తానని ఆటో ఎక్కాను. అమ్మ ఊరుకుంటుందా? "బిడ్డకు ఫిట్సు వస్తాది, చూసుకోప్పా" అని ఆటో ఆయనకు అప్పజెప్పింది. పాపం, ఆయన దారి పొడుగునా రోడ్డు మానేసి అద్దంలో నన్నే చూశాడు. ఆ రోజు నాకు నిజంగా ప్రాణభయం కలిగింది అప్పుడే.

బంగారు గనుల కాలంలో కూలీలకు వరుసగా కట్టిన లైనిళ్ళలో ఆమెది చివరిది. వాకిట్లో పూలమ్మే ఆమె, పక్కన సుత్తితో పొరుగింటాయన. నన్ను చూసి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"వచ్చినావా తల్లీ! నీ పిడికిలి విప్పేదానికి కాలేదు. అంతలో ఊరుగాం వచ్చేసింది, దిగేసినాను. ఇంట్లో బిడ్డకు పెట్టే అలవాటుకొద్దీ నీకూ పెట్టేసినాను."

"అమ్మా, బీగంచెవి దొరికిందా?" అని లోపలినుంచి ఎవరో అడిగారు.

తలుపుకు బయటినుంచి తాళం. మనిషి లోపల. పూలమ్మే ఆమె తల దించుకుంది.

"దానికీ నీ మాదిరే. యాడ పడిపోతాదో, ఎవరేమంటారో అని నేను పోయేటప్పుడు బీగం వేసి పోతాను."

నా నవ్వంతా పోయింది. ఆమెను తిట్టాలనిపించింది. మా అమ్మ మాటలే ఈమె నోట వింటున్నానని ఏడుపూ వచ్చింది. తాళం నేనే తీశాను.

లోపలినుంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీకూ వస్తాదంట గదా అక్కా. ఎవరితో వచ్చినావు?"

"ఒక్కదాన్నే."

ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు తిరిగి చూసింది. తర్వాత మూలనున్న చెప్పులు వేసుకుంది.

"అక్క ఒంటిగా పోతాది గదమ్మా. రోడ్డు దాకా తోడు పోయి వస్తాను."

వాళ్ళమ్మ ఏదో అనబోయింది. నన్ను చూసి, పొరుగింటాయన్ని చూసి, "తొందరగా వచ్చేయ్" అంది.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, పెద్దరికంగా నన్ను గుంతలు తప్పించి నడిపించింది. రోడ్డు దగ్గర అడిగింది. "సోమవారం రైలుకు పోతావా అక్కా?"

"పోతాను" అన్నాను. మా అమ్మకింకా చెప్పలేదు.