వెంకటయ్య మడిలో పుట్టిన నిబంధన

తొంభై దశకం మొదట్లో నన్ను మిర్యాలగూడలోని ప్రభుత్వ నీటి పరీక్షాశాలలో జూనియర్ కెమిస్టుగా వేశారు. మా పని ఎక్కువగా రైస్ మిల్లుల నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించడం. పై అధికారి సరోజ మేడమ్, సహాయ ఇంజనీరు, కోదాడ మనిషి. ఆమె దగ్గర పనిచేయడం సుఖమేమీ కాదు. సీసా మూత కాస్త వదులుగా ఉన్నా నలుగురిలో కడిగేసేవారు. అయినా ఇన్నేళ్ళ నౌకరీలో నేను మనసారా నమస్కారం పెట్టింది ఆమెకే.

ఆ ఏడు వరి పొట్టకొచ్చిన రోజుల్లో చివ్వెంల దగ్గర హైవే మీద ఒక ఆయిల్ ట్యాంకర్ బోల్తా పడింది. అందులో ఉన్నది ఫర్నేస్ ఆయిల్, అంటే బాయిలర్లలో మండించే నల్లటి చిక్కటి నూనె. డ్రైవరు భయపడి పరారయ్యాడు. స్కూటర్లు జారి పడుతున్నాయని రోడ్డు పక్కవాళ్ళు, పాపం మంచికే, మోటారు పెట్టి రోడ్డంతా కడిగేశారు. ఇంకేముంది! రోడ్డు మీదే ఉండాల్సిన నూనె నీళ్ళతో కలిసి పక్క కాలువలోకి దిగింది. ఆ కాలువ పోయేది ఊరి చెరువుకు. మనుషులు తాగేదీ, గొర్రెల మందలు తాగేదీ ఆ నీళ్ళే.

మేము జీపులో చేరేసరికి నల్లటి తెట్టె కాలువలో సగం దూరం పోయింది. నేను రూలు ప్రకారం సీసాలు తీశాను. అప్పటి పద్ధతిలో, కాలుష్యానికి కారకుడైనవాడి ఎదుట నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకం పెట్టించుకోవాలి. అంతదాకా ఏదీ కదిలించకూడదు, కదిలిస్తే కోర్టులో కేసు నిలవదు. ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని రాసిన రూలది. ఫ్యాక్టరీ ఎక్కడికీ పారిపోదు కదా!

మేడమ్ నా చేతిలోని సీసా లాక్కుని జీపులో పడేశారు.

“సంతకం కోసం కూర్చుంటే చెరువు నాశనమైపోద్దయ్యా. ముందు కాలువ కట్టండి.”

ఇసుక బస్తాలతో కట్ట వేశాం. మరి వెనక నిండుతున్న నూనె నీళ్ళు ఎటు పోవాలి? పల్లంలో ఉన్నది ఒక్కటే పొలం, వెంకటయ్యది. మేడమ్ స్వయంగా వెళ్ళి, నీళ్ళు ఆయన మడిలోకి మళ్ళించనివ్వమని అడిగారు. ఆయన మండిపడ్డాడు.

“నా పొలమే దొరికిందా మేడమ్ మీకు? పిల్లలను సాదినట్టు సాదిన వరి. నోటికాడి బుక్క గుంజుకుంటరా?”

ఆమె వాదించలేదు. పరిహారమిచ్చే రూలు లేదనీ, అబద్ధం చెప్పి ఒప్పించలేననీ, ఇప్పించడానికి మాత్రం శాయశక్తులా కొట్లాడతాననీ చెప్పారు. ఆయన కట్ట దాకా వచ్చి తెట్టెను చూశాడు, చెరువు వైపు చూశాడు. మడి గట్టు తెంపడానికి మా అటెండరు పార ఎత్తబోతే లాక్కున్నాడు.

“జర ఆగుండ్రి. నా ఒడ్డు నేనే తెంపుత. ఇంకొకని శెయ్యి పడొద్దు.”

నల్లటి నీళ్ళు వరి మొదళ్ళలోకి పోతుంటే ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. సాయంత్రానికి మిర్యాలగూడ మిల్లుల నుంచి లారీల్లో ఊక తెప్పించి మడంతా చల్లించాం. ఊక నూనెను పీల్చుకుంటుంది. చెరువు దక్కింది, ఆయన పంట దక్కలేదు.

సాక్ష్యం చెడగొట్టారంటూ మేడమ్‌కు మెమో వచ్చింది. సంజాయిషీ రాయమంటే ఆమె రూలే మార్చాలని రాశారు. ఏ సమావేశానికి పోయినా అదే పాట. “వచ్చిందయ్యా ట్యాంకర్ మేడమ్” అని తోటి అధికారులు నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనేవారామె. చివరికి కొత్త ఉత్తర్వు వచ్చింది. ముందు ప్రవాహం ఆపాలి, ఆ తర్వాతే నమూనా. రోడ్డు మీది నూనెను నీళ్ళతో కడగరాదు, ఊకో ఇసుకో చల్లాలి. నూనె మళ్ళించడానికి ఎవరి భూమి వాడితే వారికి కేసు తేలేదాకా ఆగకుండా పరిహారం ఇవ్వాలి. ఈ చివరి అంశం కోసం ఆమె పడ్డ తిప్పలు నేను కళ్ళారా చూశాను.

అయితే ఉత్తర్వు వెలువడిన నాటి నుంచే అమలు. వెంకటయ్యకు అది వర్తించలేదు. ఆ మాట చెప్పడానికి మేడమ్ మొహం చెల్లక నన్ను తోడు తీసుకెళ్ళారు. విన్నాక ఆయనే ఆమెకు నచ్చజెప్పాడు.

“నాకు రాకుంటే రాకపాయె. ఇంకొకనికన్న వస్తయ్ గద మేడమ్.”

రిటైరయ్యేదాకా, కొత్తగా చేరినవాళ్ళను ముందు ఆ మడి దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి, తర్వాతే ఉత్తర్వు చదివించేవాణ్ణి. నేను నేర్చుకున్నది ఇదే: ఒక నిబంధన విలువ తెలియాలంటే, అది లేని రోజున దాని భారం ఎవరు మోశారో తెలుసుకోవాలి.