ఎమ్మిగనూరులో ఉగ్గాని పరీక్ష

ఎమ్మిగనూరులో ఉండే మా అక్కకు ఈ మధ్యే షుగర్ బయటపడింది. ఆ భయంతో అన్నం, ఉగ్గాని, పండ్లు అన్నీ మానేసి రాగి అంబలి మీదే బతుకుతోందని, వంటింట్లో కళ్ళు తిరిగి పడిందని బావ ఫోన్ చేశాడు. నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఏది తింటే ఎంత పెరుగుతుందో వేలు గుచ్చుకుని చూసుకుంటూ, అలవాట్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ నెట్టుకొస్తున్నాను. అక్కకూ అది నేర్పాలని శుక్రవారం పొద్దున్నే గుంతకల్లులో రైలెక్కాను.

జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. బయట నల్లరేగడి చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది. టిఫిను ముందు ఎంత ఉందో చూద్దామని మీటరు తీసి వేలు గుచ్చుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కోసిగికి పోతున్నాడు. రక్తం చూసి కంగారుపడ్డాడు.

"ఏమ్మా, యేలు తెగిందా?"

"లేదన్నా, షుగర్ సూసుకుంటాండా."

"మా ఆడమనిషికీ ఉండాది. ఆస్పత్రికి పోయినప్పుడే సూపిచ్చుకుంటాది. ఇంట్లో సూసుకుంటే ఏం తెలుస్తాది?"

"ఏం తింటే పెరిగిందో తెలుస్తాదన్నా."

ఆయన మీటరును చేతిలో తిప్పి చూసి, ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ఆదోనిలో దిగి షేర్ ఆటోలో బస్టాండుకు చేరాను. ఎదుటి హోటల్లో ఉగ్గాని వేడివేడిగా ఉంది. నానబెట్టిన బొరుగులు, ఉల్లిపాయ, పైన పప్పుల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అక్క ముందు కొలిచి చూపించాలనే ప్లేటు నిండా తిన్నాను. ఆకలి కూడా ఉందిలెండి. ఎమ్మిగనూరు బస్సులో ఆధార్ కార్డు చూసి కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. సగం దారి నిలబడే వెళ్ళాను.

అక్క చిక్కి సగమైంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇంత దూరం యాలమ్మా వచ్చినావు? సచ్చిపోతాననుకుంటివా?"

"ఆదోనిలో ఉగ్గాని తిని వచ్చినాను. ఎంతుందో సూద్దాం రా."

చూస్తే నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. "సూస్తివా!" అంది అక్క. గెలిచానన్న సంతోషం లేదు ఆ గొంతులో.

సాయంత్రం ముందుగా డాక్టరు దగ్గరికి పోయాం. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకోవడం వల్లే కళ్ళు తిరిగాయని, వేళకు తినమని, మాత్రలు సొంతంగా మార్చొద్దని చెప్పాడు. తిన్నాక కొలుచుకుంటామంటే సంతోషించాడు.

శనివారం పొద్దున అక్క ఎప్పటిలాగే పెద్ద చెంబుడు అంబలి తాగింది. రాగి కాబట్టి ఏమీ కాదని నేనూ నమ్మాను. రెండు గంటల తర్వాత చూస్తే మీటరు రెండు వందలు దాటింది. అక్క మూలకు పోయి కూర్చుంది.

"ఇదీ పనికిరాకపోతే ఇంగ ఏం తిని బతకల్ల?"

మగ్గం మీద నేస్తున్న బావ పని ఆపి వచ్చి, "ఒగసారికే యాల ఏడుస్తావు? రేపు ఇంగోరకంగా సూడండి. నాకూ గుచ్చండి," అని చెయ్యి చాపాడు. బావకు షుగర్ లేదు. అయినా ఆ రోజు నుంచి ఆయన కూడా మా పరీక్షలో చేరిపోయాడు.

ఒకసారికి ఒక్కటే మార్చాలనుకున్నాం. ఆదివారం అదే చెంబుడు అంబలి తాగాక అక్కను కూర్చోనివ్వకుండా మగ్గాల వీధిలో అరగంట నడిపించాను. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు పలకరించేవాళ్ళు. "యాడికక్కా?" అంటే అక్క సిగ్గుపడి, "అంబలి అరగల్ల కదా!" అంది. ఈసారి బాగా తగ్గింది. నమ్మకం కుదరక సోమవారం మళ్ళీ అదే చేశాం. మళ్ళీ తగ్గింది. మంగళవారం చెంబు బదులు గ్లాసుడు తాగి, ఆ వెలితికి ఉడికించిన శనక్కాయలు తిని నడిచింది. ఇంకా తగ్గింది.

బుధవారం పొద్దున బావ చెప్పాపెట్టకుండా బజారునుంచి ఉగ్గాని పొట్లాలు తెచ్చాడు. అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు. భయమైతాంది."

"సగం తిను. మేమూ తింటాండాం కదా," అన్నాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముగ్గురం తిని నడిచొచ్చి, రెండు గంటలాగి వరసగా వేళ్ళు గుచ్చుకున్నాం. అక్కకు కొంచెం పెరిగింది, అంతే. మొదటి రోజు అంబలికి పెరిగినంత కూడా లేదు. అక్క మీటరును గుమ్మం వెలుతురులోకి తీసుకుపోయి మళ్ళీ చూసింది.

"ఇది సరిగ్గానే సెప్తాందా?" అని నవ్వింది. నేను వచ్చాక అదే మొదటి నవ్వు.

గురువారం భోజనం చేసి రెండింటికి బయల్దేరాను. ఆటో పిలుస్తానంటే అక్క ఒప్పుకోక బస్టాండుదాకా నడిచే వచ్చింది. దారిలో బేరమాడి వంకాయలు కొని, సగం నా సంచిలో పోసింది. ఆదోని బస్సులో ఈసారి సీటు దొరికింది.

ఈ యాత్రలో నేను కోటలూ కొండలూ ఏమీ చూడలేదు. మీలో ఎవరైనా ఇలా కొలుచుకోవాలనుకుంటే నా ఒంటి లెక్క, అక్క ఒంటి లెక్క మీకు పనికిరావు. డాక్టరుకు చెప్పి, ఇంట్లో ఒకరిని తోడు కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. ఆదోనిలో రైలెక్కేసరికి పొద్దు వాలుతోంది. అంతలో అక్క ఫోన్ చేసింది. ఆరోగ్యం గురించేమో అనుకున్నాను.

"రాత్రికి మీ బావ రొట్టె, గోంగూర అంటాండాడు. నేనూ తింటాండా. పొయ్యి మీద ఉండాది, మళ్ళ మాట్లాడతా," అని పెట్టేసింది.