గేదెను దొర్లించడానికి పదిమంది

మా శాఖవారు ఇచ్చే గమ్‌బూట్ల గురించి ముందు ఒక మాట చెప్పుకోవాలి. సర్వీసు మొత్తంలో నా కాలికి సరిపోయిన జత నేను రిటైరయిన నెలలో వచ్చింది. ఇప్పుడు అవి మా వరండాలో గొడుగులు పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

నా చివరి పోస్టింగు పాలకొల్లుకు కాస్త ఎడంగా ఉన్న ఒక పశువైద్యశాలలో, అసిస్టెంట్ డైరెక్టరు హోదాలో. ఆ హోదాకు వచ్చాక ఫైళ్ళు చూసుకుంటే చాలని బయటివాళ్ళు అనుకుంటారు. గేదెలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు శ్రావణంలో, ఒక మధ్యాహ్నం, రాజబాబు అనే అతను ఫోను చేశాడు. రొయ్యల మేత కొట్టులో గుమాస్తా. గేదె పొద్దుటినుంచి నొప్పులు పడుతోందట, ఉమ్మనీటి సంచి మాత్రం కనబడలేదట. వాళ్ళమ్మ సువార్తమ్మ ఆ ఒక్క గేదె పాలు వాడుకలు పోసి ఇల్లు నడుపుతోంది.

వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే, లోపలి దారి పిండిన తడిబట్టలా కుడివైపుకు తిరిగిపోయి ఉంది. దీన్ని గర్భసంచి మెలిక అంటాం. మెలిక విడితే తప్ప దూడ బయటికి రాదు. ఆలస్యమయితే రక్తం ఆడక ముందు దూడ పోతుంది, తర్వాత తల్లి. ఆపరేషను చేసే ఆసుపత్రికి తీసుకువెళ్ళేంత వ్యవధి లేదు. మిగిలిన ఉపాయం దొర్లించడం. గేదెను మెలిక ఉన్న వైపు పడుకోబెట్టి, ముందుకాళ్ళు, వెనకకాళ్ళు విడివిడిగా తాళ్ళతో కట్టి, పొట్టమీద పొడవాటి చెక్క వేసి, దానిమీద ఒక మనిషి నిలబడాలి. చెక్క బరువుకు లోపల దూడ కదలకుండా ఉంటుంది. అప్పుడు అందరూ ఒక్కసారిగా తాళ్ళు లాగి గేదెను మెలిక ఉన్న దిక్కుకే దొర్లించాలి. దీనికి పదిమంది కావాలి. అక్కడున్నది నేను, మా అటెండరు, తల్లి, కొడుకు.

మనుషులు కావాలన్నాను. రాజబాబు వెంటనే ఫోను తీశాడు. ఊరి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ అతనే. నిమిషం తిరక్కుండా బొటనవేళ్ళు లేచాయి, చేతులు జోడించుకున్నాయి. కొందరు ప్రార్థన చేస్తున్నామన్నారు. గల్ఫులో ఉన్న ఒకాయన ఆముదం పట్టమన్నాడు. వీధిలో మాత్రం ఒక కుక్క తప్ప ఎవరూ కనబడలేదు.

నేను మళ్ళీ చెయ్యి పెట్టాను. వేళ్ళ చివరికి దూడ గిట్ట తగిలింది. గిల్లితే లాక్కుంది. కొంతసేపాగి గిల్లితే ఆలోచించి లాక్కుంది. అది నాకు నచ్చలేదు. ఎవరూ రాలేదేమని అడిగాను.

"పెట్టానండీ. అందరూ చూసేశారండీ. నీలం టిక్కులు కూడా పడ్డాయండీ."

నీలం టిక్కులు తాడు లాగవని, వెళ్ళి పిలవమని చెప్పాను. అతను కదల్లేదు. వాళ్ళ అమ్మే అసలు సంగతి చెప్పింది. "ఏ మొహం పెట్టుకుని వెళ్తాడండీ బాబూ? పెళ్ళికి కూడా ఫోనులోనే పిలిచాడు. ఒక్క గుమ్మం తొక్కలేదు."

ఈ ఊళ్ళలో సాయానికి ఒక పద్ధతి ఉంది. అవసరమున్న ఇంటి మనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, పిన్నీ, బాబాయీ అని వరస పెట్టి పిలవాలి. అలా పిలిస్తే కంచం ముందున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని లేస్తాడు. గ్రూపులో చూసినవాళ్ళు, ఇన్ని బొటనవేళ్ళు లేచాయి కదా, ఈపాటికి పదిమంది వెళ్ళే ఉంటారనుకున్నారు. అందరూ అలాగే అనుకున్నారు.

ఈసారి గిట్ట లాక్కోలేదు. రెండోసారి గట్టిగా గిల్లితే కొంచెం కదిలింది. దూడ పోతోందని అరిచాను. రాజబాబు చెప్పుల్లేకుండా ఎదురింటికి పరిగెత్తాడు. అక్కడి మాటలు పాకలోకి వినబడుతూనే ఉన్నాయి.

"సత్యవతి పిన్నీ! గేదె చచ్చిపోయేలా ఉంది. ఒక్కసారి రా పిన్నీ."

"ఏరా, మా గుమ్మం ఇటుందని ఎవరు చెప్పార్రా? ఫోనులో పిలవలేకపోయావా?"

"పిలిచాను పిన్నీ."

"అయితే ఫోనులోనే వస్తాంలే."

అంటూనే ఆవిడ చేతిలో చేట కింద పడేసి కొంగు దోపుకుని వీధిలోకి వచ్చేసింది. అక్కణ్ణించి ఆవిడ గొంతు వీధి చివరిదాకా పనిచేసింది. మొగుడు, మరుదులు, ఆ పక్కింటివాళ్ళు, లుంగీలు ఎగ్గట్టుకుంటూ వచ్చారు. బోదె దాటడానికి అడ్డంగా వేసుకున్న చెక్కను ఊడబెరికి మోసుకొచ్చారు.

మొదటిసారి దొర్లించాం. చెయ్యి పెట్టి చూస్తే మెలిక అలాగే ఉంది. గేదెను మళ్ళీ మొదటి వైపుకు తెచ్చి రెండోసారి దొర్లించాం. చెక్క జారి సత్యవతి మొగుడు పేడలో కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. మూడోసారి తాళ్ళు బిగిశాయి, గేదె ఒక్క ఊపున తిరిగింది, నా చెయ్యి భుజందాకా దారి దొరికినట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఉమ్మనీరు నామీదుగా పోయింది. దూడ కాళ్ళకు తాడు వేసి లాగితే తడిగుడ్డలా కిందపడింది. ఊపిరి లేదు. ఇద్దరు తలకిందులుగా ఎత్తి పట్టుకుంటే, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను. సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి దూడ తుమ్మింది. పెయ్యదూడ.

ఆ తర్వాత నేను నా పనిలో ఒక మార్పు చేసుకున్నాను. ఎవరైనా ఫోను చేస్తే, పశువు సంగతి విన్నాక, మీ ఇంటిదగ్గర ఇప్పుడు మనుషులెవరున్నారని అడిగేవాణ్ణి. గ్రూపులో పెట్టామంటే, ముందు పక్కింటికి వెళ్ళి రమ్మనేవాణ్ణి. మందులపెట్టెలో ఏది తగ్గినా తెప్పించుకోవచ్చు, మనుషులను అలా తెప్పించుకోలేం.

ఆ రోజు నేను చేతులు కడుక్కుంటుంటే రాజబాబు పాకలో ఒక మూల నిలబడి ఫోనులో ఏదో రాస్తున్నాడు. ఉన్నట్టుండి అక్కడున్న అందరి జేబుల్లోనూ ఒకేసారి ఫోన్లు మోగాయి. పేడచేతులతో ఎవరూ తియ్యలేకపోయారు. సత్యవతి మాత్రం కొంగుకు చెయ్యి తుడుచుకుని, బొడ్లోంచి ఫోను తీసి, దూరంగా పట్టుకుని చదివింది. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు అని ఉంది.

"ఎదురుగానే చచ్చి నిలబడ్డాం కదరా. ఆ ముక్క నోటితో చెప్పలేవా?" అంది.