వరహాలమ్మ గుర్తుపట్టిన బీటరు

వరహాలమ్మకు నోరు మూసుకోవడం పుట్టుకతోనే రాదు. రైల్వే గ్యాంగులో పనిచేసే మొగుడు పోతే తిల్దాలో ఆ ఉద్యోగంలో తనే చేరి, పద్దెనిమిదేళ్లు రైలు పట్టాల మీద ఎండకు ఎండిన మనిషి. "ఆడదాని వల్ల ఏమవుద్ది" అన్న మేస్త్రీ వారం తిరక్కుండా నాలుక కరుచుకున్నాడు. అలాంటిది కొడుకు కోసం నోరు మూసుకుంది. రాయపూర్ శంకర్ నగర్‌లో పాతసామాన్ల దుకాణం చూసుకునే శివాజీ, "మా అమ్మ ఎప్పుడూ ఇంటిపట్టునే ఉండేది" అని యజమాని రాజేష్‌కు చెప్పుకున్నాడు. పిల్లాడి పరువు కదా అని ఆవిడ మింగింది. అరగలేదు, అది వేరే సంగతి.

ఆ రోజు క్యారేజీ ఇద్దామని దుకాణానికి వెళ్తే, బల్ల మీద ఇనుప పనిముట్టు ఒకటి కనిపించింది. ఒక కొస మొనదేలింది. రెండోది అడ్డంగా, మొద్దుగా ఉంది. వరహాలమ్మ చూడగానే గుర్తుపట్టింది.

"గనుల్లో తవ్వే పురానా పనిముట్టు. ఈ కొస విరిగిపోయింది, పదును పెట్టించేద్దాం" అంటున్నాడు రాజేష్. గ్రైండరు మనిషి సిద్ధంగా ఉన్నాడు.

శివాజీ మాట్లాడొద్దన్నట్టు తల్లికేసి చూశాడు. ఆవిడ ఆగింది కూడా. ఇంతలో గ్రైండరు గుర్రుమంది.

"ఆపండి బాబూ. విరగనేదు, దాని పుట్టుకే అంత. ఇది రైలు పట్టాల బీటరు. మొనతో కంకర పెకలిస్తాం, మొద్దు కొసతో పట్టాల కిందుండే స్లీపరు దిమ్మె కింద కుక్కుతాం. పదునెడితే రాయి పగులుద్ది గానీ కూరుకోదు."

రాజేష్ నవ్వాడు. "ఇంట్లో ఉండే మీకెలా తెలుసు, మాతాజీ?"

వరహాలమ్మ బీటరు పట్టుకుని బయటికి నడిచింది. అక్కడ మురుగుకాలువ పనికి పోసిన కంకర ఉంది. దాని మీద చెక్క పరిచింది. కొంగు బిగించింది. బీటరెత్తి, అలవాటు చొప్పున "జోర్ లగాకే" అని రాగం తీసింది. గ్యాంగులో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, అందుకోకపోతే దెబ్బ పడదు. ఆవిడ చేతులు గాల్లోనే ఆగాయి.

"హైస్సా" అన్నాడు శివాజీ. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో పట్టాల పక్కన కూర్చుని విన్న పాటను నోరు తనంతట తానే అందుకుంది.

దెబ్బ పడింది. నాలుగు దెబ్బలకు చెక్క కింద కంకర బిగిసింది. రాజేష్ ఎక్కి తొక్కినా చెక్క కదల్లేదు.

"ఈ పాట నీకెక్కడిదిరా?" అన్నాడు రాజేష్.

"మా అమ్మది సార్" అన్నాడు శివాజీ, తల వంచుకుని. "పద్దెనిమిదేళ్లు గ్యాంగులో చేసింది. నన్ను పెంచింది ఆ బీటరే."

వరహాలమ్మ బీటరు దించింది. కళ్లు తుడుచుకుంది.

"తలెత్తి సెప్పు" అంది.

శివాజీ తలెత్తి మళ్లీ చెప్పాడు.