శాతవాహనుల సారు, మా జెబెల్ అలీ మెస్సు

నిన్న మధ్యాహ్నం అల్ ఖూజ్‌లో మా వర్క్‌షాపు ముందు పికప్ ఆగింది. సెలవు నుంచి తిరిగొచ్చిన జగిత్యాల మనిషి ఒకడు దిగి, సారు పోయారని చెప్పాడు. నేను గ్రీజు చేతులు కడుక్కుంటున్నాను. ఎప్పుడని అడిగితే, "నేను వొయ్యేసరికే దినాలు గూడ అయిపోయినయన్నా" అన్నాడు. ఆ వెంటనే తన విమానం ఆలస్యమైన సంగతి ఎత్తుకున్నాడు. అతన్ని తప్పు పట్టను. అతను జెబెల్ అలీ కూలీల క్యాంపులో మాతో ఉన్నవాడు కాదు. నా చేతుల మీద సబ్బు నురగ మాత్రం అలాగే ఎండిపోయింది. ఈ అరబ్బు దేశంలో నేను పస్తుండాల్సిన రోజుల్లో తన నోటి ముద్దలో సగం నాకు పెట్టిన మనిషి ఆయన. అందుకే ఈ నాలుగు మాటలు రాసుకుంటున్నాను.

ఆయన పేరు రాయను. క్యాంపులో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. కరీంనగర్ జిల్లా వాళ్ళకు ఆయన సారు, గోదావరి జిల్లాల వాళ్ళకు మేష్టారు. ధర్మపురి దగ్గర ఒక బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునేవారు. ఇంట్లో వరసగా కష్టాలు వచ్చిపడి, జెబెల్ అలీ రేవు కడుతున్న కాలంలో టైమ్‌కీపర్‌గా వచ్చారు. పొద్దున్నే తలకు తడి తువ్వాలు చుట్టుకుని, "యల్లా యల్లా, లెవ్వుండ్రిరా, బస్సు వోతది" అని గది గదికీ తలుపులు కొట్టేవారు. వంట మాత్రం ఆయనకు ఎంతకీ రాలేదు. ఆయన వంతు వచ్చిన రోజు పప్పు అడుగంటేది, అన్నం ముద్దయ్యేది. "సారు వంట తిన్నందుకే శాతవాహనులు పోయారు" అని మేం ఎగతాళి చేస్తే అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు.

క్యాంపులో తెలుగువాళ్ళందరికీ ఒకటే మెస్సు, ఒకటే పొయ్యి. వంతులవారీగా వండుకునేవాళ్ళం. దానికి ఒక కట్టుబాటు ఉండేది. సెలవు నుంచి వచ్చినవాడు పెట్టె విప్పగానే ఊరి పచ్చడి జాడీ తెచ్చి వంటగది బల్ల మీద పెట్టాలి. ఆవకాయైనా చింతకాయ తొక్కైనా అది ఇక అందరిదీ. ఇంకొకటి ఎవరూ చెప్పకుండానే నడిచిపోయేది. పని పోయినవాడు, జ్వరంతో మంచాన పడ్డవాడు అందరితో పాటే తింటాడు, ఎవరూ అడగరు. ఎవరికైనా అన్యాయం జరిగితే మెస్సు మొత్తం పని బట్టలతోనే వెళ్ళి ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఆఫీసు ముందు నిలబడేది. ముదీర్ ఏమంత మంచివాడు కాదు. కానీ అంతమందిని ఒక్కసారి చూస్తే గొంతు తగ్గించేవాడు.

శుక్రవారం భోజనాలయ్యాక సారు కథ చెప్పేవారు. ఆయన చెప్పేది ఎప్పుడూ శాతవాహనుల కథే. కోటిలింగాల దగ్గర వాన వెలిశాక చేలల్లో పాత నాణేలు తేలేవట. వాటిని ఏరి, మట్టి తుడిచి చూసిన మనిషాయన. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా ఏలారని చెప్పేటప్పుడు చేతులు బారజాపేవారు. చివరికి వచ్చేసరికి మాత్రం గొంతు దిగిపోయేది. తూర్పు ముక్క ఇక్ష్వాకులు పట్టుకున్నారు, పడమటి ముక్క ఆభీరులు, దక్షిణం చుటులు. అక్కడితో కథ ఆపేసేవారు.

"మరి యుద్ధమేదండీ మేష్టారూ? ఎవడో ఒకడు మీద పడి కొట్టాలి కదండీ!" అని అమలాపురం నుంచి వచ్చిన మేస్త్రి ప్రతిసారీ అడిగేవాడు.

"యుద్ధం గిట్ల ఏం లేదయ్యా. అందరు ఇంటోళ్ళే. ఒక సామంతుడు తన పేరుతోని నాణెం గొట్టిచ్చుకున్నడు. రాజు సూసిండు. పోనియ్యి, మనోడే గదా అనుకున్నడు. గంతే, ఖలాస్."

"అంతేనాండీ?"

"గంతే. శత్రువు అస్తున్నడంటె డప్పు సప్పుడన్న ఇనవడ్తది. ఇది సప్పుడు లేకుంట అస్తది. గందుకే నాకు భయం."

చరిత్ర చదివినవాళ్ళు ఈ మాట ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. మేం మాత్రం నవ్వి, గిన్నెలు కడగడానికి లేచేవాళ్ళం.

రేవు పని ముగింపుకు వచ్చింది. ఒక్కో క్రేన్ ఆగిపోతూ వచ్చింది. పొద్దున కిక్కిరిసి వెళ్ళే కంపెనీ బస్సులో కిటికీ పక్క సీట్లు కూడా ఖాళీగా కనిపించసాగాయి. మెస్సులో మాతోనే తినే తెలుగు ఫోర్మన్లు కూడా మాటలు తగ్గించారు. ఎవరిని ఏమడిగినా "చూద్దాం" అనేవారే తప్ప ఇంకో ముక్క లేదు. సరిగ్గా అప్పుడే అమలాపురం మేస్త్రి సెలవు నుంచి వచ్చాడు. వచ్చినవాడు జాడీ బల్ల మీద పెట్టలేదు. మంచం కింద పెట్టుకున్నాడు.

మా వాళ్ళు ఊరుకుంటారా? గదిలోకి వెళ్ళి నిలదీశారు. అతను జాడీని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మా అమ్మ పోయిందండీ. పోయే ముందు ఆవిడ చేత్తో కలిపిన ఆవకాయండి ఇది. ఇది కూడా బల్ల మీద పెట్టమంటారా?"

అందరూ సారు వైపు చూశారు. సారు ఆ జాడీకి కట్టిన గుడ్డ వైపు చూశారు.

"ఉంచుకో కొడుకా. తల్లి చేతిది. ఎవ్వరు అడగరు," అన్నారు.

ఆ స్థానంలో ఎవరున్నా అదే అనేవారు. నేనైతే ఇప్పటికీ అదే అంటాను. కానీ బయటికొచ్చాక సారు గోడకు ఆనుకుని, "రాజు గూడ గిట్లనే అనుకున్నడు తమ్మీ" అన్నారు.

తర్వాత కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళ జాడీలు కూడా మంచాల కిందికే వెళ్ళాయి. "ఆయనకో రూలు, మాకో రూలా?" అన్నారు. ఆపైన పప్పులో పులుపు ఎక్కువైందని ఒకరు, కూరలో కారం చాల్లేదని ఒకరు. నిన్నటిదాకా అదే పప్పు లొట్టలేసుకుంటూ తిన్నవాళ్ళే. కొన్నాళ్ళకు గోదావరి వాళ్ళు వేరే పొయ్యి పెట్టుకున్నారు. ఫోర్మన్లు మూడోది పెట్టుకున్నారు. ఎవరూ కొట్టుకోలేదు. గిన్నెలు పంచుకునేటప్పుడు "నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో" అని మర్యాదలు కూడా చేసుకున్నారు.

ఆ రోజుల్లోనే నా సెక్షన్ మూసేశారు. ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, దొరికేదాకా పని లేదు, తిండికి ఆధారం లేదు. మాది భద్రాచలం వైపు. ఒకప్పుడు మా ఊరు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. మెస్సు ఒకటిగా ఉన్నప్పుడు అదొక వేళాకోళం, అంతే. ఇప్పుడు పళ్ళెం పట్టుకుని వెళ్తే, "మీది ఖమ్మం జిల్లా కదండీ, వాళ్ళు పెడతార్లెండి" అని ఒక పొయ్యి దగ్గర అన్నారు. "నువ్వు గోదారోనివి గదనే, గాడికి వో" అని ఇంకో పొయ్యి దగ్గర అన్నారు. ఇద్దరూ నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను. పరాయి దేశంలో సొంత భాష మాట్లాడేవాళ్ళ మధ్య ఆకలితో నిలబడటం ఎంత అవమానమో అనుభవిస్తేగాని తెలియదు.

సారును మాత్రం మూడు పొయ్యిల వాళ్ళూ పిలిచారు. ఆయన ఎవరి దగ్గరా కూర్చోలేదు. "ఈ పిలగాడు యాడ తింటె నేను ఆడ తింట," అని నా గదికొచ్చేశారు. ఆయన జీతంతో తెచ్చిన ఎండు ఖుబుజు రొట్టె, ఉల్లిగడ్డ, నల్ల చాయ్, మా ఇద్దరికీ అదే భోజనం. ఆయనకు అప్పటికే కడుపులో పుండు ఉంది. రొట్టె మింగాక పక్కకు తిరిగి పొట్ట పట్టుకునేవారు. నేను చూసి, వాళ్ళతో వెళ్ళి అన్నం తినమని బతిమాలాను.

"నేను ఒక పొయ్యి కాడ కూసున్ననంటె, మూడు పొయ్యిలు నాయమేనని ఒప్పుకున్నట్టు బిడ్డా," అన్నారు. మొండి మనిషి. ఆ మొండితనమే ఆయన్ను తినేసిందని నాకు ఇప్పటికీ కోపం. ఆ మొండితనమే నన్ను బతికించింది కూడా.

మెస్సు మూడు ముక్కలైన సంగతి ముదీర్‌కు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు, వంటగదుల్లోంచి వచ్చే పొగ చూస్తే చాలు. ముందు గోదావరి వాళ్ళను ఆఫీసుకు పిలిచి, విడతలుగా ఇంటికి పంపే సంగతి చెప్పాడు. కరీంనగర్ వాళ్ళు తలుపులు వేసుకుని, "మనల ముట్టరట" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. సారు గది గదికీ తిరిగి, అందరూ కలిసి ఆఫీసుకు పోదామని అడిగారు. ఎవరూ చెప్పులు వేసుకోలేదు. తర్వాత కరీంనగర్ వాళ్ళ వంతు వచ్చింది. అప్పుడు వాళ్ళ వెనక నిలబడటానికి ఎవరూ రాలేదు. ఫోర్మన్లు మాత్రం తమ పొయ్యి మీద మాంసం వండుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళూ మిగల్లేదనుకోండి.

సారును పంపేస్తున్నారని తెలిసిన వారంలోనే ఆయన నన్ను వెంటబెట్టుకుని అల్ ఖూజ్ వచ్చారు. కొత్త కఫీల్ ముందు నా తరఫున హిందీలో, వచ్చీరాని అరబ్బీలో బతిమాలి ఈ పని ఇప్పించారు. తన కోసం మాత్రం అక్కడ ఒక్క ముక్క అడగలేదు.

ఆయన ప్రయాణం రోజు పొద్దున ఇంకా విమానం ఎక్కని వాళ్ళందరూ క్యాంపు ముందు బస్సు ఆగే చోటికి వచ్చారు. మనుషులు చెడ్డవాళ్ళు కారు. మూడు పొయ్యిల నుంచీ దారిలో తినమని మూడు సద్దిమూటలు తెచ్చారు, వేర్వేరుగా. సారు మూడూ తీసుకున్నారు. విమానాశ్రయం బస్సు ఇంకా రాలేదు. ఆయన నేల మీద ఒక పేపరు పరిచి, మూడు మూటలూ విప్పి, పులిహోరా పప్పన్నమూ మాంసం కూరా అన్నీ ఒకే కుప్పగా పోశారు. పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"రాండ్రి. ఒక్క బుక్క తినిపోండ్రి," అన్నారు.

నేను వెళ్ళి కూర్చున్నాను. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు చెయ్యి పెడతారా అని కాబోలు. ఒకడు అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు కూడా, కానీ కదల్లేదు. మేమిద్దరమే తిన్నాం. బస్సు హారన్ కొట్టింది. సారు చెయ్యి కడుక్కోకుండానే లేచి ఎక్కేశారు. బస్సు రోడ్డెక్కేదాకా అందరూ అలాగే నిలబడ్డారు. గాలి లేచింది. ఆ అన్నం మీద ఇసుక పడుతూనే ఉంది.