వజీహ్ మెత్తని సబ్బు

అలెప్పోలో కిన్నస్రీన్ గేటు దగ్గరున్న సబ్బు కార్ఖానాలో వజీహ్ పెద్ద మేస్త్రి. చలికాలం నాలుగు నెలలూ అక్కడ రాగి కాగు కింద మంట ఆరేది కాదు. ఆలివ్ నూనె, సోడా, నీళ్ళు కలిసి మూడు పగళ్ళు కుతకుతా ఉడికాక చివర్లో ఘార్ నూనె పోసేవాళ్ళు. కొండల్లో ఘార్ చెట్ల కాయలు ఉడకబెట్టి తీసే నూనె అది, నల్లపచ్చగా, ముక్కుపుటాలు అదిరేంత ఘాటుగా ఉంటుంది. అది ఎంత ఎక్కువ పడితే సబ్బుకి అంత పేరు. ఉడుకు సరిపోయిందో లేదో చెప్పాల్సింది మాత్రం వజీహే. పుల్లతో ఇంత తీసి, ఆరబెట్టి, నాలుక కొసకి తాకించి ఉమ్మేసేవాడు. "ఇంకా కరుస్తోంది" అంటే మంట ఎగదోసేవాళ్ళు. తల ఊపితే కట్టెలు లాగేసేవాళ్ళు. ఇంక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

అలాంటి మనిషికి పెళ్ళైన ఎనిమిదేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కూతురి ఒంటికి సబ్బు పడలేదు.

పిల్ల పేరు రువైదా. నెలల పిల్లప్పుడే మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, చెవుల కింద ఎర్రగా కంది, పగిలి, రసి కారేది. పాకే వయసొచ్చేసరికి గోళ్ళతో గీరుకోవడం నేర్చుకుంది. తల్లి రబీహా పాత గుడ్డలతో చిన్న చిన్న సంచులు కుట్టి ఆ చేతులకి తొడిగేది. వీధిలో ఆడవాళ్ళు జాలిపడుతున్నట్టే ఉండి ఒక మాట విసిరేవాళ్ళు. ఊరందరికీ సబ్బు వండిపెట్టే వాడింట్లో పిల్లకి ఆ చర్మమేమిటి, సరిగ్గా రుద్దడం లేదేమో అనేవాళ్ళు. ఒకసారి ఆడవాళ్ళంతా కలిసి స్నానం చేసే హమ్మాంలో ఒకావిడ తన పిల్లని చటుక్కున పక్కకి లాక్కుని, రువైదా ముంచుకున్న తొట్టిలో నీళ్ళు పారబోయించింది. అంటుకునేది కాదని రబీహా చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి పిల్లకి స్నానం ఇంట్లోనే.

ఆ మాటలన్నీ వజీహ్‌కి పిల్ల చర్మాన్ని గురించి అన్నట్టు వినపడలేదు, తన పనిని గురించి అన్నట్టే వినపడ్డాయి. కార్ఖానాలో అన్నిటికంటే ఘార్ ఎక్కువ పడ్డ సబ్బు, సొంత చేత్తో ముద్ర గుద్దింది, ఏరి తెచ్చేవాడు. ప్రతి గురువారం రబీహా పిల్లని స్నానానికి కూర్చోబెడితే తను గుమ్మంలో నిలబడి, "మోచేతుల దగ్గర ఇంకొంచెం రుద్దు, మంట పుట్టిందంటే లోపలి చెడు బయటికి వస్తున్నట్టే" అనేవాడు. ఆ మాట అతని తండ్రిది, తాతది. అబద్ధమని అతనికి ఎవరూ చెప్పలేదు.

చెప్పినవాడు ఒకడున్నాడు. అజీజియా పేటలో ఆర్మేనియన్ వైద్యుడు హ్రాంత్. పిల్లకి ఆరేళ్ళప్పుడు రబీహా పోరు పడలేక తీసుకెళ్ళాడు. డాక్టరు పిల్ల చేతుల్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, ఏ సబ్బని అడిగాడు. వజీహ్ గర్వంగానే చెప్పాడు. మీ సబ్బు మంచిదే, జిడ్డు చర్మానికి, మొరటు చేతులకి, మాడు దురదకి దాన్ని మించింది లేదు, కానీ ఈ పిల్లకి కాదు అన్నాడు డాక్టరు. ఘార్ లేనిది, వాసన లేనిది, బాగా ఏళ్ళు మాగిన ఒట్టి ఆలివ్ సబ్బు చూడమన్నాడు. గోరువెచ్చని నీళ్ళు, పీచు తాకించకూడదు, తుడవగానే ఒంటికి నూనె పూయాలి. అది కూడా పడకపోతే ఒట్టి నీళ్ళు.

వజీహ్ పిల్లని ఎత్తుకుని ఇంటికి నడిచాడు. వచ్చాక, గొట్టంలో మందు అమ్ముకునేవాడు సబ్బు గురించి ఇంకేం చెబుతాడు అన్నాడు. రబీహా తన దారి తను వెతుక్కుంది. వారం మధ్యలో గోధుమ తవుడు గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో పిండి, ఆ తెల్లని నీళ్ళతో పిల్ల ఒళ్ళు కడిగేది. ఆ రోజుల్లో చర్మం కాస్త చల్లబడేది. గురువారం వచ్చేది.

ఏడో ఏట రువైదా తండ్రితో బేరాలు మొదలెట్టింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి, మాటకి గాలి తోడయ్యేది. "బాబా, ఈ వారం చేతులకి రాసుకుంటా. కాళ్ళు వచ్చే వారం. సరేనా?" అనేది. వజీహ్ పకపకా నవ్వి, "ఎవరి కూతురివే నువ్వు, బజారు మొత్తం నీకే అప్పజెప్పాలి" అని బుగ్గ గిల్లేవాడు. కాళ్ళకి కూడా రాయించేవాడు. కార్ఖానాలో ఆ బేరం కథలుకథలుగా చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

ఆ చలికాలం కార్ఖానా యజమాని హాజ్ షుక్రీ ఎన్నడూ లేనంత ఘార్ పోయించి ఒక కాగు వండించాడు. బేరూత్ నుంచి వచ్చినవాళ్ళు దాన్ని చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకుని వాసన చూశారు. వజీహ్ అందులోంచి, ఇంకా ఏడాది మాగని పచ్చి బిళ్ళ ఒకటి ఇంటికి తెచ్చాడు. రెండు గురువారాలు గడిచాయి. పిల్ల మోకాళ్ళ వెనక పగుళ్ళు పుండ్లయ్యాయి, పుండ్లు చీము పట్టాయి. పై వారానికి ముఖం వాచింది. కళ్ళు పూడుకుపోయాయి. ఒంటేలు కాచిన టీ రంగులో వచ్చేసరికి రబీహా కేక పెట్టింది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నపు బాంగు వేళకి రువైదా పోయింది.

పరామర్శకి మూడు రోజులూ మగవాళ్ళు వస్తూ, చేదు కాఫీ తాగి, రెండు మాటలు చెప్పి వెళుతున్నారు. మూడో రోజు హ్రాంత్ వచ్చాడు. కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. లేచి వెళుతుంటే వజీహ్ వెంట నడిచి, మెట్ల దగ్గర అతని చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టర్ గారూ, నా సబ్బేనా?"

డాక్టరు ఆ చెయ్యి మీద తన రెండో చెయ్యి వేశాడు. "గోకిన చోట నుంచి క్రిమి లోపలికి పోయింది. చర్మం పగలకుండా ఉంటే అది లోపలికి పోయేది కాదేమో. కానీ ఎంతమంది పిల్లలకి చర్మం పగలడం లేదు, అందరికీ ఇలా అవుతోందా? అవునని చెప్పలేను వజీహ్. కాదని చెప్పినా నువ్వు నమ్మవు."

వజీహ్ పనిలోకి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఏం చెయ్యాలో తెలియక వెళ్ళాడు. ఊళ్ళో అందరూ అతన్ని అబూ రువైదా అనే పిలిచేవాళ్ళు, రువైదా తండ్రి అని, రబీహాని ఉమ్మ్ రువైదా అని. పిల్ల పోయినా పిలుపు పోలేదు. కూరగాయలవాడు, మంగలి, మసీదులో పక్కన నిలబడేవాడు, రోజుకి పదిసార్లు ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు. అతను పదిసార్లూ పలికేవాడు. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు.

పిల్ల పోయి ఏడాది నిండిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం రబీహా వాకిట్లోకి వచ్చి చూస్తే, వజీహ్ నూతి పక్కన కూర్చుని కాళ్ళు రుద్దుకునే నల్లటి గరుకు రాయితో తన ముంజేతిని తోముతున్నాడు. ముప్పై ఏళ్ళు సోడాలో నానిన చెయ్యి, తోలులా మొద్దుబారింది, దానికి ఏ సబ్బూ తెలియదు. తోమి తోమి పైచర్మం లేచిపోయి నెత్తురు చెమ్మ కనిపించేదాకా తోమాడు. అప్పుడు ఆ బేరూత్ వాళ్ళు మెచ్చిన సబ్బు తడిపి ఆ చోట రాశాడు.

రబీహా గుమ్మంలోనే ఉండిపోయింది. అతను చెయ్యి విదిలించలేదు. నీళ్ళు పోసుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే అలాగే కూర్చుని, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టాడు. గురువారం స్నానం ఎంతసేపు పట్టేదో అంతసేపు. తర్వాత చెయ్యి కడుక్కుని, ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు.

మర్నాడు హాజ్ షుక్రీ దగ్గరికి వెళ్ళి, సీజను చివర్లో చిన్న కాగు తనకి ఇమ్మని అడిగాడు. ఘార్ చుక్క కూడా వెయ్యకుండా ఒట్టి ఆలివ్ నూనెతో వండుతానన్నాడు. యజమాని వింతగా చూశాడు గానీ కాదనలేదు. కార్ఖానాలో బిళ్ళలు కోసే ఖద్రీ మాత్రం ఊరుకోలేదు. "మేస్త్రీ, ఘార్ లేని సబ్బు వండాలంటే నాబ్లుస్ పోవాలి. వాళ్ళు వండేది అదేగా. అక్కడే ఇల్లు చూడమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. వజీహ్ కూడా నవ్వినట్టు పెదవులు సాగదీసి, కాగు గీకడానికి వంగాడు.

మొదటి ఏడు వండింది మెత్తబడిపోయి ముద్ర నిలవలేదు. రెండో ఏడు కనరు వాసన పట్టింది, నూనె పాతది. మూడో ఏడు తొలి కోత కాయల నూనె ఏరుకున్నాడు. ఉడికిన ముద్దని ఉప్పునీళ్ళతో మామూలుగా కడిగే దానికి రెట్టింపు కడిగాడు, సోడా జాడ లేకుండా. నాలుకకి ఏమీ తెలియలేదు. అయినా నాలుకని నమ్మలేదు. బిళ్ళలుగా కోసి గోపురంలా పేర్చి, గాలి తగిలే పై అంతస్తులో నాలుగేళ్ళు వదిలేశాడు. ఏడాదికోసారి ఒక బిళ్ళ తెచ్చి, రాయితో ముంజేతిని పచ్చి చేసుకుని, రాసి చూసేవాడు. మొదటి ఏడు చురుక్కుమంది. రెండో ఏడు కొంచెం. నాలుగో ఏడు నీళ్ళు తగిలినట్టు తగిలి ఊరుకుంది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

తర్వాత కార్ఖానా మానేసి, దాని గోడకి ఆనుకుని ఉన్న అలమరంత కొట్టు ఒకటి తీసుకున్నాడు. పాతికేళ్ళు అందులోనే కూర్చున్నాడు. చంటిపిల్లల తల్లులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పచ్చగా నిగనిగలాడే బిళ్ళ తీసి, ఇది పిల్లకి బాగుంటుందా అంటే చేతిలోంచి లాక్కునేవాడు.

"ముందు పిల్ల చెయ్యి చూపించు తల్లీ," అనేవాడు.

చూశాక, ఏది కొనాలో చెప్పే ముందు ఏది కొనకూడదో చెప్పేవాడు. గులాబీ వాసన కొట్టేది వద్దు, రంగు వేసింది వద్దు, నురగ చూసి మోసపోవద్దు, నురగ ఎక్కువైతే ఒంటి నూనె కూడా పోతుంది. బిళ్ళని తీగతో రెండుగా కోసి లోపల చూపించేవాడు. లోపల తడిగా ఉంటే ఇంకా మాగాలి. మాగిందైనా సరే, ముందు చెవి వెనక బఠాణీ గింజంత రాసి, కడిగి, ఒక పగలూ ఒక రాత్రీ చూడమనేవాడు. కందితే తెచ్చి తన మొహాన కొట్టమనేవాడు. పుండు చీము పట్టి ఉంటే ఏ సబ్బూ ఇచ్చేవాడు కాదు. కొట్టు మూసి, ఆ తల్లిని వెంటబెట్టుకుని డాక్టరు దాకా నడిచేవాడు. ఎందుకింత చేస్తావని ఎవరూ అడగలేదు, పాతవాళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళు చాదస్తం అనుకున్నారు.

ఒకసారి ఇద్లిబ్ వైపు నుంచి వచ్చిన పడుచు తల్లి ఒకతి, మా అత్తగారు మంట పుడితేనే పని చేస్తున్నట్టు అంటోంది అని చెప్పింది. వజీహ్ చేతిలో బిళ్ళ కింద పెట్టాడు. "మీ అత్తగారితో చెప్పు," అన్నాడు, "ఏడుస్తున్న పిల్ల అబద్ధం చెప్పదని." కాగితంలో సబ్బు చుట్టాడు. చుట్టడానికి చాలాసేపు పట్టింది.

ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు. రబీహా అతనికి వండిపెట్టింది, జబ్బు చేస్తే కూర్చుంది, పండక్కి ఇద్దరూ కలిసే పిల్ల సమాధి దగ్గరికి వెళ్ళి ఆనవాయితీగా పచ్చికొమ్మలు పెట్టి వచ్చేవాళ్ళు. తనని ఆమె ఏనాడూ ఒక్క మాట అనకపోవడమే తనకి పడ్డ శిక్ష అనుకున్నాడు వజీహ్. ముప్పై ఏళ్ళకి పైగా అలాగే అనుకున్నాడు.

డెబ్భై దాటాక గుండె బలహీనపడి మంచాన పడ్డాడు. వేసవి పొద్దున ఒకరోజు రబీహా అతని కాళ్ళు తడిగుడ్డతో తుడుస్తోంది. అప్పుడు అడిగేశాడు.

"ఉమ్మ్ రువైదా, నన్నెప్పుడైనా క్షమించావా?"

ఆమె గుడ్డ పిండింది. మళ్ళీ తుడవడం మొదలెట్టింది.

"ఆ చివరి గురువారం నువ్వు ఇంట్లో లేవు," అంది.

అతనికి గుర్తులేదు.

"హాజ్ షుక్రీ పిలిస్తే వెళ్ళావు. చీకటి పడేదాకా రాలేదు. గుమ్మంలో ఎవరూ లేరు. తవుడు నీళ్ళు పోసి ఊరుకోవచ్చు, నీకు తెలిసేది కాదు. పిల్ల అడిగింది కూడా, బాబా లేడుగా అమ్మా అని." గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. "మర్నాడు మా అక్క వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ కళ్ళకి పిల్ల శుభ్రంగా కనబడాలనుకున్నాను. ఏమో, నీ మాటే నిజమేమో అని కూడా అనుకున్నాను. నేనే రాశాను. ఒళ్ళంతా రాశాను."

వజీహ్ లేచి కూర్చోబోయాడు, చేతకాలేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"చెబితే నువ్వు నన్ను ఓదారుస్తావు. నాకు ఓదార్పు వద్దనిపించింది. నువ్వు చెయ్యి తోముకుంటుంటే చూసేదాన్ని, అడ్డం రాలేదు. నేను చెయ్యలేనిది నువ్వు చేస్తున్నావనుకున్నాను."

అతను చెయ్యి చాపాడు. ఆమె వేళ్ళు ఆ ముంజేతి మీద, ఏటేటా పచ్చి చేసి చేసి మెరిసే మచ్చ కట్టిన చోట, ఆగాయి. ఇద్దరూ ఏడవలేదు. వాకిట్లో పాలవాడు పిలిచినా ఆమె లేవలేదు. అతను ఒక్కటే అడిగాడు, బాబా లేడుగా అన్నప్పుడు పిల్ల ఏడుస్తూ అందా, నవ్వుతూ అందా అని.

"నవ్వుతూనే," అంది రబీహా.

ఆ ఏడు కాగులు ఎక్కించే వేళ రాకముందే వజీహ్ పోయాడు. కొట్టు చెప్పులవాడు తీసుకున్నాడు. మాగిన బిళ్ళలు మిగిలినవి రబీహా ఇంటికి తెప్పించుకుంది. ఎవరైనా తల్లి ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వస్తే ఇచ్చేది. ఊరికే ఇచ్చేది, ఎలా వాడాలో ఆయన చెప్పినట్టే చెప్పేది. మూడో ఏడు వేసవికి అవి అయిపోయాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళతో, వండేవాడు లేడమ్మా అని తలుపు దగ్గరే చెప్పి, పిల్లని ఒకసారి ఎత్తుకోనిమ్మని అడిగేది.